రియాల్ మీద ముళ్లపువ్వు గుంట: దెబ్బా, ముద్రా?

గ్లాస్గో_వెండి:
స్కాట్లాండ్ పాత వెండి నాణేల పిచ్చి పట్టి రెండేళ్లయింది. మొన్న సంతలో పాత సామాన్లు అమ్మే ఒకాయన దగ్గర 1567 నాటి జేమ్స్ ఆరో రాజు రియాల్ కనిపించింది. ముప్పై షిల్లింగుల నాణెం, బాగా బరువు. బొరుసు వైపు కిరీటం కింద నిలువు కత్తి, దాని పక్కన రోమన్ అంకెల్లో ముప్పైని చూపిస్తున్న చిన్న చెయ్యి. అయితే ఒక పక్కన గోరులో సగమంత గుంట ఉంది. భూతద్దం పెట్టి చూస్తే అందులో స్కాట్లాండ్ గుర్తయిన ముళ్లపువ్వు (థిసిల్), దాని మీద కిరీటం! అమ్మే ఆయన మాత్రం "దెబ్బ తగిలిన సరుకు, అందుకే తగ్గించి ఇస్తున్నా" అన్నాడు. కొనవచ్చా? నా మొదటి నాణేన్ని, రెండో చార్లెస్ కాలపు మెర్క్‌ను, ఇంట్లో వెండి కుందులు తోమినట్టు విభూతితో తోమి పాడు చేసుకున్నాను. అందుకే ఈసారి భయం.

పాతకాసు:
అది దెబ్బ కాదండీ, ప్రభుత్వం వేసిన ముద్ర. 1578లో నాణెం విలువ పెంచినప్పుడు పాత రియాళ్లను తెప్పించి, వాటి మీద కిరీటం పెట్టిన ముళ్లపువ్వు కొట్టారు. దాంతో ముప్పై షిల్లింగుల నాణెం 36 షిల్లింగుల 9 పెన్నీలైంది. వెండి అంతే, వెల మాత్రం పెరిగింది! కత్తి చుట్టూ ఉన్న లాటిన్ మాటలకు అర్థం "నా కోసం, తప్పు నాదైతే నా మీదికే". ఇది పట్టాభిషేకం నాటికి పదమూడు నెలల పసివాడైన రాజు పేరిట కొట్టిన నాణెం.

టంకశాల_వీధి:
కొనే ముందు తూకం వేయండి, 30 గ్రాములు దాటాలి. ముద్ర ఉన్న చోటే రెండో వైపు చూడండి. సుత్తి దెబ్బకు అక్కడ బొమ్మ కొంచెం నలిగి చదునవుతుంది. నలగకుండా, ఒళ్లంతా సన్నని చిల్లులుంటే అది అచ్చులో పోసిన నకిలీ అని అనుమానించండి.

అన్నట్టు, అసలు అరుదైనది 1565లో జేమ్స్ తల్లి మేరీ రాణి, ఆమె భర్త హెన్రీ డార్న్‌లీల పెళ్లి నాటి జంట బొమ్మల రియాల్. దాని మీద "హెన్రీ, మేరీ" అని భర్త పేరు ముందుంటుంది. డిసెంబరులో చెట్టెక్కే తాబేలు నాణెం వచ్చేసరికి "మేరీ, హెన్రీ" అయిపోయింది. అప్పటికి పెళ్లై ఐదు నెలలే!

గ్లాస్గో_వెండి:
మళ్లీ వెళ్లాను. 30.2 గ్రాములు తూగింది. ముద్రకు రెండో వైపు డాలు బొమ్మ అంచు నలిగి ఉంది. కొనేశాను. పువ్వు సంగతి ఆయనకు చెప్పాలా వద్దా అని సంతలో రెండు చుట్లు తిరిగి, చివరికి డబ్బు చేతిలో పెట్టాకే చెప్పాను. ఆయన నాణేన్ని మరోసారి అడిగి తీసుకుని, భూతద్దంతో చాలాసేపు చూసి తిరిగిచ్చాడు. "ఇంకొకటి దొరికితే దెబ్బ అనను" అన్నాడు.