తల్లికి వందనం డబ్బు తల్లి ఖాతాకా, బడి ఖాతాకా?

బడిగంట: కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి. నేను ప్రైమరీ స్కూల్లో ఎస్‌జీటీని, అంటే చిన్న తరగతుల టీచర్ని. మా బడిలో 28 మంది పిల్లలు. 30 లోపుంటే సమగ్ర శిక్ష అనే సర్కారు బడుల పథకం నుంచి వచ్చే స్కూల్ గ్రాంటు ఏడాది మొత్తానికి 10 వేలు, చాక్‌పీసులు రిజిస్టర్లు ఫ్యాను రిపేరు అన్నీ అందులోనే లాగాలి. 2025 జూన్‌లో ఆంధ్ర ప్రభుత్వం తల్లికి వందనం పథకం కింద, చదువుకునే పిల్లకి 13 వేల లెక్కన తల్లుల ఖాతాల్లో వేసింది కదా, 28 మందికీ పడితే 3 లక్షల 64 వేలు. అందులో సగం బడికి ఇస్తే, అయిదో తరగతికొచ్చినా తెలుగు వాక్యం చదవలేని పిల్లల్ని సాయంత్రం కూర్చోబెట్టి చదివించడానికి ఒక మనిషిని పెట్టుకుంటాం. ఇంటికి పోయిన డబ్బు చదువుకే అయిందని ఎవరు చూస్తారు?

కుట్టుమిషను: తల్లికే ఇవ్వాలి. మా ఇద్దరు పిల్లలకీ పడింది, ఆటో ఫీజు, బూట్లు, పెద్దదానికి ఇంటర్ ఫీజులో ఒక కంతు. పాత ప్రభుత్వం ఇలాంటి పథకమే అమ్మ ఒడి పెట్టినప్పుడు ఇద్దరున్నా ఒక్కరికే ఇచ్చేవాళ్ళు, ఇప్పుడే కాస్త ఊపిరాడింది.

మీటరుగోల: మాకు పడనే లేదు. కరెంటు వాడకం నెలకి 300 యూనిట్లు దాటితే ఈ డబ్బు రాదట, మాది దాటిందట. మేముండేది రెండు గదుల అద్దె ఇల్లు! ఓనరు మీటరుకి మా ఆవిడ ఆధార్ లింకైంది, సచివాలయం చుట్టూ తిరుగుతూనే ఉన్నా. ముందు దీని సంగతి తేల్చండి.

బడిగంట: అది వేరే విషయం బ్రదర్. మేడం, మీరు మంచికే వాడారు, అందరూ అలా వాడరు. మా ఊళ్ళో డబ్బు పడిన వారం నేను చూశాను.

కుట్టుమిషను: ఏం చూశారు సార్? మా మొగుళ్ళు తాగేశారనేగా?

తుంగభద్ర: 15 వేలన్నారు కదా, మిగతా 2 వేలు ఎటు పోయాయి?

బడిగంట: బడుల నిర్వహణకని కలెక్టర్ ఖాతాకి మళ్ళించారు. మా బడికి ఇంకా రూపాయి రాలేదు, బాత్రూం తలుపు మా జేబుల్లోంచి వేయించాం.

మీటరుగోల: 300 యూనిట్లు ఒక్క నెలదా, ఏడాది సగటా? ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

కుట్టుమిషను: సార్ అడగక తప్పట్లేదు, మీ పిల్లలు ఏ బడిలో చదువుతున్నారు?

బడిగంట: ప్రైవేటులో. నేను ఉద్యోగిని, నాకు ఈ పథకం రాదు, నా జీతంతో కట్టుకుంటున్నా. దానికీ దీనికీ సంబంధం ఏంటి? అసలు మాట చెప్తున్నా వినండి, ఈ డబ్బు ప్రైవేటు బడికి వెళ్ళినా వస్తుంది కాబట్టే మా బడి ఖాళీ అవుతోంది. సర్కారు సొమ్ముతో సర్కారు బడి మూతపడుతోంది!

కుట్టుమిషను: ఇదిగో ఇప్పుడొచ్చింది అసలు మాట. 2022లో 117 జీవో పెట్టి మూడు, నాలుగు, అయిదు తరగతులు హైస్కూలుకి తీసుకుపోయారు గుర్తుందా? మా చిన్నోడు అప్పుడు మూడో తరగతి. హైస్కూలుకెళ్ళాలంటే మెయిన్‌రోడ్డు దాటాలి, నేను షాపులో ఉంటా ఎవరు దాటిస్తారు? అందుకే ఇంటి ముందుకి బస్సొచ్చే ప్రైవేటులో వేశా. ముందు బడి పోయింది, తర్వాతే మేం పోయాం. మీరేమో డబ్బుకి ఆశపడి పోయామంటున్నారు.

బడిగంట: ఆ జీవోకి వ్యతిరేకంగా మేమూ ధర్నాలు చేశాం మేడం, అది నేను తెచ్చింది కాదు. ఇప్పుడు రద్దయింది కూడా. మరి మీలాంటి వాళ్ళు పిల్లల్ని సర్కారు బడికి తిరిగి తీసుకొస్తారా?

కుట్టుమిషను: అయిదు తరగతులకి ఎంతమంది టీచర్లున్నారు మీ బడిలో?

బడిగంట: ఇద్దరం. ఒకరు సెలవు పెడితే ఒక్కరే.

కుట్టుమిషను: మరి తరగతికో టీచర్ని ఇమ్మని అడగండి, ఆ రెండు వేలు నేరుగా బడి ఖాతాలో వేయమని అడగండి, ఆ అర్జీ మీద మొదటి సంతకం నాది. నా 13 వేలు తీసి బడి నడపమంటే మాత్రం ఒప్పుకోను.

తుంగభద్ర: మేడం మాటే నా మాట.

మీటరుగోల: అద్దెకున్నోళ్ళు ఎవరైనా మీటరు లింకు తీయించుకున్నారా? ఏ కాగితాలు అడిగారో కాస్త చెప్పండి.