చెరువు సగమే నిండింది, యాసంగికి నీళ్లు ఎలా పంచుకోవాలి?

ప్రశ్న (వరంగల్ వైపు రైతు):
మా చెరువు కింద ఆయకట్టు 120 ఎకరాలు. ఈసారి చెరువు నిండి మత్తడి దుంకలేదు. సగానికి కాస్త ఎక్కువే నీళ్లున్నాయి. తూము దగ్గరివాళ్లు అప్పుడే నార్లు పోసే పనిలో ఉన్నారు. రెండేళ్ల కింద ఇలాగే అయింది. కింది 40 ఎకరాలు పొట్ట దశలో ఎండిపోయాయి. రాత్రుళ్లు కాలువకు గండ్లు కొట్టుకున్నారు, అన్నదమ్ములు ఇప్పటికీ మాట్లాడుకోవడం లేదు. నాది కింద రెండెకరాలు. ఆదివారం అందరం కూర్చుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు (పక్క జిల్లా చెరువు కింది రైతు):
తమ్ముడూ, ఆదివారం దాకా ఆగొద్దు. ఈ రోజే ఇంటింటికీ వెళ్లి ‘మాట్లాడుకునేదాకా నార్లు పోయొద్దు’ అని చెప్పు. నారు పోసినవాడు ఇక వెనక్కి తగ్గడు.

తర్వాత నీటిపారుదల శాఖ ఇంజనీరు ఏఈని అడిగి చెరువులో ఎన్ని ఎంసీఎఫ్‌టీల (ఒక ఎంసీఎఫ్‌టీ అంటే పది లక్షల ఘనపుటడుగులు) నీళ్లున్నాయో తెలుసుకో. ఒక ఎంసీఎఫ్‌టీకి ఆరెకరాల వరి, మక్క, పల్లి లాంటి ఆరుతడి (నీళ్లు నిలవకుండా అప్పుడప్పుడు తడి పెట్టే) పంటలైతే పదెకరాలు అని లెక్క. ఆవిరయ్యేది, కాలువలో ఇంకేది పోతుంది కాబట్టి మేము వరికి ఐదు, ఆరుతడికి ఎనిమిది పెట్టుకుంటాం. 12 ఉన్నాయనుకో. పశువులకు, చేపలకు రెండు వదిలెయ్యి. మిగతా పదికి వరైతే 50 ఎకరాలు. అంతకుమించి ఎవరు నాటినా ఎండిపోయేదే.

ఇప్పుడు ఆ 50 ఎకరాలనే 120 ఎకరాల రైతులందరూ పంచుకోవాలి. ఎకరాకు నలభై గుంటలు కదా, అందులో 16 గుంటల పైన వస్తుంది, నీ రెండెకరాలకు 33 గుంటలు. సాగంతా తూముకు దగ్గరగా ఒకేచోట ఉండాలి, అప్పుడు నీళ్లు కాలువలోనే ఇంకిపోవు. ఉన్న నీళ్లను బట్టి యాసంగి సాగు ముందే ఖరారు చేసే తైబందీ మనకు పాతదే. కరువు ఏడాది చెరువు దగ్గరి పొలాన్ని అందరూ పంచుకుని సాగు చేసే పద్ధతి శ్రీలంక చెరువుల కింద కూడా ఉంది. దాన్ని బెత్మ అంటారు.

ఇంకో రైతు:
నాది తూము కిందే మూడెకరాలు. నా భూమిలో వేరేవాళ్లు నాటితే రేపు హక్కు అడగరా? నాకేం మిగులుతుంది?

మొదటి జవాబిచ్చిన రైతు:
అన్నా, మీ భయం నిజమైనదే. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. మా ఊళ్లో మొదటి ఏడాది ఇద్దరు ఒప్పుకోలేదు. కాగితం రాశాక ఒకరు వచ్చారు. అందులో ఒక్క పంటకే అని, కోత కాగానే మడి ఖాళీ అని రాసి అందరం సంతకాలు పెట్టాం. గడ్డి మొత్తం భూమి యజమానికే. ఏ మడి తనకు ఉంచుకోవాలో ముందు ఆయనే ఎంచుకుంటాడు. కాలువ పూడిక, తూము మరమ్మతు ఆ ఏడాది కిందివాళ్లే చేసిపెట్టాలి. కౌలు రైతులుంటే వాళ్లనూ కూర్చోబెట్టండి, లేకపోతే మాట నిలబడదు.

వరి తగ్గిస్తే మీ వాటా కూడా పెరుగుతుంది. అంతా ఆరుతడి అయితే 80 ఎకరాలు పారుతుంది, ఎకరాకు 26 గుంటలు దాటుతుంది. కాకపోతే కట్ట కింద జాలు పట్టే (ఊట నీళ్లతో ఎప్పుడూ తడిగా ఉండే) మడుల్లో మక్క, పల్లి రావు. అక్కడ వరే ఉంచండి.

అనంతపురం రైతు:
మాది బోర్ల ఊరు. 2003 తర్వాత ఏడు కరువు జిల్లాల్లో నడిచిన రైతుల భూగర్భజల ప్రాజెక్టులో మేమూ ఉన్నాం. పదిహేను రోజులకోసారి బోర్లలో నీటిమట్టం కొలిచి, వాన లెక్క చూసి గోడ మీద రాసేవాళ్లం. ఫలానా పంట వెయ్యొద్దని ఎవరూ ఆంక్ష పెట్టలేదు. ఊరందరి నీళ్లెన్ని, అడిగే పంటలెన్ని అని రబీకి ముందు లెక్కేసి చూశాక చాలామంది వాళ్లంతట వాళ్లే వరి తగ్గించుకున్నారు. మీరు తూము గోడకు ఒక్కో అడుగు ఎత్తుకు ఒక్కో పెయింటు గీత పెట్టండి. వారానికోసారి మట్టం పంచాయతీ గోడ మీద రాయండి. నీళ్లు దాస్తున్నారన్న అనుమానం సగం అక్కడే పోతుంది.

తూము తిప్పి నీళ్లు పంచే నీరటి ఉన్నాడా? లేకపోతే ఆ చెరువు కింద భూమి లేని మనిషిని పెట్టుకోండి. తూము తాళంచెవి అతని దగ్గరే ఉండాలి. అతని కూలి ఎకరాకు ఇన్ని కుంచాల గింజలని కోతకు ముందే రాసుకోండి. శిఖంలో (చెరువు లోపలి భూమిలో) మోటార్లు పెట్టి తోడేవాళ్లుంటే వాళ్ల నీళ్లూ లెక్కలోకి రావాలి.

ప్రశ్న అడిగిన రైతు (సోమవారం):
నిన్న రాత్రి పదకొండు దాకా కూర్చున్నాం. 11 ఎంసీఎఫ్‌టీలని ఏఈ చెప్పారు. రెండు వదిలి తొమ్మిదికి లెక్కేశాం. జాలు మడుల్లో 15 ఎకరాల వరి, మిగతా నీళ్లకు 48 ఎకరాల మక్క. తూము కింది నలుగురిలో ముగ్గురు సంతకం పెట్టారు. నాలుగో ఆయన కొడుకుతో మాట్లాడి చెప్తానన్నారు, రేపు పొద్దున మళ్లీ వాళ్లింటికి వెళ్తున్నాం. మాట్లాడుకోని ఆ అన్నదమ్ములకు పక్కపక్క మడులే వచ్చాయి, ఇద్దరూ మార్చమని అడగలేదు.