కరీంనగర్ నుంచి హోసూరుకు బదిలీ: ఏడో తరగతి పూర్తయ్యే పాపను తమిళనాడులో చేర్చాలా, కర్ణాటకలోనా?

కరీంనగర్ అమ్మ:

అందరికీ నమస్కారం. మావారిది ప్రైవేటు ఉద్యోగం. వచ్చే మే నుంచి హోసూరు ప్లాంటుకు వెళ్లమన్నారు. ఐదారేళ్లయినా అక్కడే ఉండాల్సి వస్తుందట. పాప తెలంగాణ స్టేట్ సిలబస్, ఇంగ్లీష్ మీడియంలో ఏడో తరగతి చదువుతోంది. బాబు యూకేజీ, జూన్‌కి వాడికి ఐదేళ్ల ఎనిమిది నెలలు నిండుతాయి.

మా తిప్పలేమిటంటే, హోసూరు తమిళనాడులో ఉంది గానీ అత్తిబెలె దగ్గర బోర్డర్ దాటితే కర్ణాటకే. మావారి కొలీగ్స్‌లో కొందరు హోసూరులోనే ఉంటున్నారు, కొందరు బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఇల్లు తీసుకుని రోజూ వచ్చిపోతున్నారు. మేం ఇల్లు ఎటు తీసుకుంటే పిల్లల చదువు ఆ రాష్ట్రానిది అయిపోతుంది. అందుకే అడ్వాన్స్ కూడా ఇవ్వకుండా ఆగాం.

పాపకు తెలుగు ఫస్ట్ లాంగ్వేజ్, హిందీ సెకండ్, ఇంగ్లీష్ థర్డ్. తమిళనాడులో హిందీ ఉండదు, తమిళం తప్పనిసరి అంటున్నారు. కర్ణాటకలో కన్నడ తప్పదంటున్నారు. ఎనిమిదో తరగతి పిల్ల కొత్తగా అక్షరాలు దిద్దుకుంటూ కూర్చుంటే మిగతా సబ్జెక్టుల సంగతేంటి? మా అత్తయ్య పాపను తన దగ్గరే వదిలేయమంటున్నారు. మావారేమో "టెన్త్ దాకా అక్కడ సీబీఎస్ఈలో చదివిద్దాం, ఇంటర్‌కి హైదరాబాద్ హాస్టల్లో వేద్దాం, సీబీఎస్ఈ ఎక్కడైనా ఒకటే కదా" అని తేల్చేశారు. నాకెందుకో అంత తేలిక అనిపించడం లేదు. పాప ఒకరోజు డాక్టరవుతానంటుంది, ఇంకోరోజు డ్రాయింగ్ టీచర్నవుతానంటుంది. కాబట్టి లక్ష్యాన్ని బట్టి చూసుకోమంటే మా దగ్గర జవాబు లేదు.

బోర్డర్ ఊళ్లలో పిల్లల్ని చదివించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

సర్జాపుర రోడ్డు:

మేం నెల్లూరు నుంచి బెంగళూరు వచ్చాం, మా అబ్బాయి అప్పుడు మూడో తరగతి. కన్నడ గురించి మాత్రం మీరు టెన్షన్ పడకండి. తెలుగు చదవడం వచ్చిన పిల్లకు కన్నడ అక్షరాలు చాలా తొందరగా పట్టుబడతాయి, సగం మనవే. మావాడు బస్సుల బోర్డులు చదివి చదివి నేర్చుకున్నాడు. రాయడానికి, వ్యాకరణానికి మాత్రం టైం పట్టింది. కన్నడ నేర్పాలని 2015లో చట్టం చేశారు, సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ స్కూళ్లు కూడా దాని కిందకే వస్తాయి. స్టేట్ సిలబస్‌లో అయితే ఎస్ఎస్ఎల్‌సీ, అంటే అక్కడి టెన్త్ పరీక్ష. అందులో ఫస్ట్ లాంగ్వేజ్ ఒక్కటే 125కి, మిగతావాటికంటే ఎక్కువ. ఫస్ట్ లాంగ్వేజ్‌గా తెలుగు కూడా తీసుకోవచ్చు, కానీ చెప్పే టీచరున్న బడి దొరకాలి కదా.

ఇక మీ బాబు. కర్ణాటకలో ఒకటో తరగతికి జూన్ 1 నాటికి ఆరేళ్లు నిండాలి. ఐదేళ్ల ఎనిమిది నెలలంటే మళ్లీ యూకేజీ చదవమంటారు. మా పక్కింటివాళ్ల పాపకు సరిగ్గా ఇదే జరిగింది. వాళ్లు చాలా బాధపడ్డారు గానీ ఆ పిల్ల హాయిగా ఇంకో ఏడాది ఆడుకుంది.

కుప్పం మాస్టారు:

అమ్మా, మాది కుప్పం. ఒకవైపు బస్సెక్కితే కర్ణాటక, ఇంకోవైపు ఎక్కితే తమిళనాడు. చిత్తూరు జిల్లాలో లెక్కల మాస్టారుగా చేసి, ఇప్పుడు హోసూరులో ట్యూషన్లు చెప్పుకుంటున్నాను. నా దగ్గరికి మూడు రాష్ట్రాల పుస్తకాలూ పట్టుకుని పిల్లలు వస్తారు. లెక్కలు ఎక్కడైనా లెక్కలే. కొన్ని పాఠాలు ఒకచోట ముందొస్తాయి, ఇంకోచోట వెనకొస్తాయి. ఎనిమిదిలో వచ్చిన పిల్ల ఆ తేడాను దసరా లోపలే సర్దుకుంటుంది. మీరు సిలబస్ గురించి, అక్షరాల గురించి ఆలోచిస్తున్నారు. అవి రెండేళ్ల సమస్యలు. అసలు సమస్య పన్నెండో తరగతి తర్వాత వస్తుంది, అందుకని అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి.

కాలేజీ సీటు దగ్గర "ఈ పిల్ల మా రాష్ట్రం పిల్లేనా?" అని ప్రతి రాష్ట్రమూ అడుగుతుంది. ఒక్కొక్కరు ఒక్కోలా కొలుస్తారు. తెలంగాణలో లోకల్ అనిపించుకోవాలంటే క్వాలిఫైయింగ్ పరీక్షతో ముగిసేలా వరుసగా 4 ఏళ్లు అక్కడే చదివి ఉండాలి. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. కన్వీనర్ కోటాలో 85 శాతం సీట్లు వాళ్లకే. మెడికల్ సీట్ల విషయంలో దీని మీద పెద్ద కేసు నడిచింది, 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ నాలుగేళ్ల నిబంధన చెల్లుతుందని చెప్పింది. ప్రభుత్వోద్యోగుల పిల్లల్లో కొందరికి మినహాయింపులు ఉన్నాయి గానీ, మీవారిది ప్రైవేటు ఉద్యోగం అన్నారు కాబట్టి వాటి మీద ఆధారపడొద్దు.

తమిళనాడులో ఇంజనీరింగ్‌కి అయితే ఎనిమిది నుంచి పన్నెండు దాకా, 5 ఏళ్లు అక్కడ చదివితే వేరే రాష్ట్రం పిల్ల కూడా కౌన్సెలింగ్‌కి వెళ్లవచ్చు. కర్ణాటకలో ఇంజనీరింగ్ సీట్ల పరీక్ష సీఈటీకి ఒకటి నుంచి పన్నెండు లోపల మొత్తం 7 ఏళ్లు అక్కడ చదివి, పదో పన్నెండో అక్కడే పాసై ఉండాలి. పిల్ల పీయూసీ (మన ఇంటర్ లాంటిది) రెండేళ్లూ అక్కడే చదివి, తల్లిదండ్రుల్లో ఒకరు ఏడేళ్లు కర్ణాటకలో చదివి ఉంటే ఇంకో దారి ఉంది, మీ ఇద్దరికీ అది వర్తించదనుకుంటున్నాను. ఇక కేంద్రం నడిపే ఇంజనీరింగ్ కాలేజీలు నిట్‌లలో సగం సీట్లు హోం స్టేట్‌కి. అక్కడ మిగతాదేమీ చూడరు, పన్నెండు ఎక్కడ పాసైతే అదే మీ రాష్ట్రం. హోసూరులో పాసైతే తిరుచ్చి, తెలంగాణలో పాసైతే వరంగల్.

ఇప్పుడు మీ పాపను ఈ లెక్కలో పెట్టి చూడండి. ఎనిమిది నుంచి బెంగళూరులో వేస్తే పన్నెండుకి 5 ఏళ్లే అవుతాయి, కర్ణాటక 7 అడుగుతుంది. తెలంగాణకూ కాకుండా పోతుంది. కర్ణాటక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల కామెడ్‌కే పరీక్ష ఎవరైనా రాయవచ్చు గానీ ఆ ఫీజులు తట్టుకోవాలి. కాబట్టి ఇల్లు బెంగళూరు వైపు తీసుకోవడం పాప వరకు లాభం లేని పని. హోసూరులో ఎనిమిదిలో చేరితే సరిగ్గా 5 ఏళ్లు అందుతాయి. తొమ్మిదిలో చేర్చి ఉంటే అదీ దక్కేది కాదు.

మీవారి ప్లాన్ గురించి చెప్పక తప్పదు. టెన్త్ ఇక్కడ, ఇంటర్ హైదరాబాద్ అంటే తెలంగాణలో 2 ఏళ్లే చదివినట్టు. లోకల్ పోయింది. తమిళనాడులో 3 ఏళ్లే, ఇక్కడా పోయింది. నిట్ ఒక్కటి మిగులుతుంది. నా దగ్గరికి వచ్చే తెలుగువాళ్లలో ఎక్కువమంది మొదట అనుకునేది ఇదే. "సీబీఎస్ఈ ఎక్కడైనా ఒకటే" అన్నది పుస్తకాల వరకు నిజం. లోకల్ లెక్కలో చూసేది బోర్డును కాదు, బడి ఏ రాష్ట్రంలో ఉందని.

ఇంకోటి. మీకు బీసీ సర్టిఫికెటో ఎస్సీ సర్టిఫికెటో ఉంటే అది తమిళనాడులో రిజర్వేషన్‌కి పనిచేయదు. వలస వచ్చినవాళ్లకు సొంత రాష్ట్రంలోనే ఆ హక్కు అని సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది. తమిళనాడులో 69 శాతం రిజర్వేషన్, మీ పాప పోటీ పడాల్సింది మిగతా 31 శాతంలో. అయినా ఇంజనీరింగ్‌కి ఇక్కడొక సుఖం ఉంది. 2007 నుంచి ఎంట్రన్స్ లేదు. పన్నెండులో లెక్కల మార్కులు 100కి, ఫిజిక్స్, కెమిస్ట్రీ చెరో 50కి కుదించి 200కి కటాఫ్ కడతారు. బోర్డు పరీక్ష బాగా రాసే పిల్ల అయితే మన వైపు ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) కోచింగ్‌లో పడే హింస తప్పుతుంది.

మెడికల్ మాత్రం వేరు. తమిళనాడులో ఆ సీట్లకు నిబంధనలు ఇంకా గట్టివి, ఎనిమిదిలో వచ్చిన పిల్లకు వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. పాప నిజంగా డాక్టరే కావాలంటే తొమ్మిదికల్లా తెలంగాణలో ఉండాలి, లేదా ఆల్ ఇండియా కోటా 15 శాతంలో నెగ్గుకు రావాలి.

నా సలహా ఇదీ. హోసూరులో ఇల్లు తీసుకోండి. ఎనిమిదో తరగతి ఇక్కడ చదివించండి. ఆ ఏడాది చివర్లో, తొమ్మిది మొదలయ్యేలోపు, వెనక్కి పంపాలా ఇక్కడే పన్నెండు దాకా ఉంచాలా తేల్చుకోండి. ఆ తర్వాత తేల్చుకుందామంటే కుదరదు. ఇవి నోటిఫికేషన్‌లో మారుతుంటాయి, ఆ ఏడాది వచ్చినదాన్ని మీరే ఒకసారి చదువుకోండి.

కరీంనగర్ అమ్మ:

మాస్టారూ, మీ మెసేజ్ మావారికి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "4, 5, 7 అని కాగితం మీద రాసివ్వు" అన్నారు. మాకు తమిళం సంగతి ఇంకా అర్థం కాలేదు. ఇంకో సందేహం, ఇక్కడైతే టెన్త్ అవగానే ఎంపీసీనో బైపీసీనో తేల్చుకోవాలి. పాప ఇంకా ఏమీ తేల్చుకోలేదు కదా, అక్కడెలా?

నిజామాబాద్ నాన్న:

మాస్టారు చెప్పిన రూల్స్‌లో తప్పేమీ లేదు. కానీ పన్నెండేళ్ల పిల్లను ఎప్పుడో రాబోయే సీటు కోసం అమ్మానాన్నల నుంచి విడదీయడం నాకు నచ్చదు. మా అన్నయ్య కూతుర్ని లోకల్ కోసమని తొమ్మిదిలో హాస్టల్లో వేశారు. లోకల్ వచ్చింది, ఆ పిల్ల చివరికి బీకాం తీసుకుంది. పాప హోసూరులో బాగుంటే అక్కడే ఉంచండి, సీటు సంగతి అప్పుడు చూసుకోవచ్చు. కోటాలు లేకుండానే చదువుకున్నవాళ్లు బోలెడుమంది ఉన్నారు.

కుప్పం మాస్టారు:

నిజామాబాద్ అన్నగారి మాట కొట్టేయను. విడదీయమని నేనూ అనలేదు. తెలిసి వదులుకోవడం వేరు, తెలియక పోగొట్టుకోవడం వేరు.

అమ్మా, గ్రూపుల విషయంలో ఇక్కడే నయం. తమిళనాడులో పదకొండు, పన్నెండు బడిలోనే ఉంటాయి, ప్లస్ వన్, ప్లస్ టూ అంటారు. జూనియర్ కాలేజీ అనే వేరే లోకం లేదు. ఫస్ట్ గ్రూపులో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ నాలుగూ కలిపి తీసుకోవచ్చు. కర్ణాటక పీయూసీలో దాన్నే పీసీఎంబీ అంటారు. మీ తెలంగాణలో పదిహేనేళ్ల పిల్లను లెక్కలు కావాలా, బయాలజీ కావాలా అని నిలదీస్తారు. ఇక్కడ ఆ ప్రశ్న ఇంకో రెండేళ్లు వాయిదా పడుతుంది. మీ పాపలాంటి పిల్లకు ఇది చిన్న విషయం కాదు. నాలుగూ మోయడం బరువే, అదీ చెప్పాలి.

తమిళం గురించి. ఈ రాష్ట్రంలో 1968 నుంచి రెండు భాషల విధానం, స్టేట్ సిలబస్‌లో తమిళం, ఇంగ్లీషు, అంతే. హిందీ ఉండదు. నవోదయ విద్యాలయాలు కూడా లేని రాష్ట్రం ఇదొక్కటే, ఆ గొడవకీ మూలం భాషే. 2006 చట్టంతో తమిళం ఒకటో తరగతి నుంచి ఏడాదికో తరగతి చొప్పున పైకి పాకి పదో తరగతి దాకా వచ్చింది. హోసూరు చుట్టుపక్కల తరతరాలుగా తెలుగువాళ్లున్నారు, తెలుగు చెప్పే సర్కారు బడులూ ఉన్నాయి. ఆ పిల్లలు టెన్త్‌లో తమిళం పేపరు నుంచి మినహాయింపు కోసం కోర్టులకు తిరగాల్సి వచ్చింది. కాబట్టి ఎనిమిదిలో వచ్చే పాపను స్టేట్ సిలబస్‌లో వేయొద్దు. సీబీఎస్ఈలో వేయండి. సెకండ్ లాంగ్వేజ్‌గా హిందీ ఉండే బడులు ఊళ్లో ఉన్నాయి, తెలుగు ఉండేవి అరుదు. చేరకముందే "తొమ్మిది, పదిలో కూడా ఇదే భాష ఉంటుందా? తమిళం కూడా చదవాలా?" అని అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. మాట్లాడే తమిళం సంగతి మీరు పట్టించుకోనక్కర్లేదు, అది కాంపౌండ్‌లో ఆటల్లోనే వచ్చేస్తుంది.

బాబుకి తమిళనాడులో ఐదేళ్లు నిండితే ఒకటో తరగతి ఇస్తారు. కాకపోతే ముందుముందు కేంద్రీయ విద్యాలయంలాంటి వాటిలో ఆరేళ్ల లెక్క ఉంటుంది. వాడు చిన్నవాడు, మీ పక్కవాళ్లు ఏమంటారో అని తొందరపడకండి.

టీసీ పని మాత్రం ఏప్రిల్‌లోనే చూసుకోండి. తెలంగాణలో బడులు ఏప్రిల్ నాలుగో వారంలో మూసేస్తే జూన్ 12 దాకా తెరవరు, ఇక్కడ జూన్ మొదట్లోనే తెరుస్తారు. సెలవుల్లో హెడ్మాస్టరు సంతకం కోసం ఊరంతా తిరిగినవాళ్లను చూశాను. వేరే రాష్ట్రానికి వెళ్తున్నారు కాబట్టి టీసీ మీద డీఈఓ కౌంటర్ సంతకం పెట్టించుకోండి. ఒకటి నుంచి ఏడు దాకా స్టడీ సర్టిఫికెట్లు కూడా తీసుకోండి, పాప వెనక్కి వచ్చినా రాకపోయినా అవి దాచాలి. అన్నిటికంటే ముఖ్యం, పాత బడివాళ్లు యూడైస్ పోర్టల్లో (బడి పిల్లల వివరాలుండే కేంద్రం వెబ్‌సైటు) పాప పేరును డ్రాప్ బాక్స్‌లో, అంటే బడి వదిలినవాళ్ల జాబితాలో, వేయాలి. అది వేయకపోతే కొత్త బడి ఆన్‌లైన్‌లో చేర్చుకోలేదు, టీసీ చేతిలో ఉన్నా సరే. అందులో పాపకిచ్చిన పెన్ (పర్మనెంట్ ఎడ్యుకేషన్ నంబర్) కూడా రాసుకోండి.

కరీంనగర్ అమ్మ:

చాలా థాంక్స్ మాస్టారూ. హోసూరులోనే ఇల్లు చూస్తున్నాం. డ్రాప్ బాక్స్ సంగతి పాప స్కూల్లో అడిగితే క్లర్కు గారు "అవునమ్మా, అడిగినప్పుడే వేస్తాం" అన్నారు. మా అత్తయ్య మాత్రం తొమ్మిదికి పాప వస్తుందనే లెక్కలో గది సర్దుతున్నారు. ఆవిడకు ఇంకా ఏమీ చెప్పలేదు.