4 ఎకరాలకు సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్: మినీయా, పెద్దదా?

మధిర_రైతుబిడ్డ:
మొత్తం 4 ఎకరాలు. రెండున్నర సాగర్ ఎడమ కాలువ కింద వరి, ఎకరన్నర నల్లరేగడిలో పత్తి, మిర్చి. రెండు బండ్లు చూపిస్తున్నారు. ఒకటి మాసీ ఫెర్గూసన్ 1035, 2011 మోడల్, 2 లక్షల 60 వేలు, నందిగామ వైపు. మీటరు 3,100 గంటలు. రెండోది మహీంద్రా వాళ్ల మినీ, యువరాజ్ 215, 15 హెచ్‌పీ, లక్షా 70 వేలు, మా ఊళ్లోనే. పనిముట్లతో కలిపి మూడున్నర లక్షలు దాటకూడదు. ఏది తీసుకోమంటారు?

దమ్ముచక్రం:
మాసీ. ఆలోచించేదేముంది? కాలువ కింద మడిలో చక్రం అడుగు లోతు దిగితే మినీ పొట్ట ఆనించి కూర్చుంటుంది. దాన్ని లాగడానికి మళ్లీ పెద్ద బండే రావాలి. మాసీ 36 హెచ్‌పీకి 5 అడుగుల రోటావేటర్ (తిరిగే కత్తులతో మట్టి కలిపేది) పడుతుంది, 9 కర్రుల కల్టివేటర్ పడుతుంది, ట్రాలీ లాగుతుంది. మినీకి 3 అడుగుల రోటావేటర్ కట్టుకుని రెండున్నర ఎకరాలు ఎన్ని రోజులు తిప్పుతారు?

మెట్టసేద్యం:
ఆయనకు పత్తి, మిర్చి కూడా ఉన్నాయి, చదివారా? పత్తి సాళ్లు 3 అడుగుల దూరం పెడితే మినీ మధ్యలో దూరి గుంటక తోలుతుంది, మొక్క బండి పొట్టకు ఆనేదాకా. మాసీ సాళ్లలోకి దిగితే పంటే తొక్కుతుంది. పైగా నందిగామ బండి కచ్చితంగా దమ్ము బండే, అంటే నీళ్లు పెట్టిన వరి మడి బురదలో తిరిగిందే. నేనైతే దాని జోలికి పోను.

పాతసామాను:
2011 బండి 3,100 గంటలే తిరిగిందట. నమ్మేవాళ్లు నమ్మండి.

దమ్ముచక్రం:
దమ్ము బండి అయితే ఏమిటండీ? కృష్ణా, గోదావరి జిల్లాల్లో బండ్లన్నీ దమ్ము బండ్లే. అక్కడ వ్యవసాయం ఆగిపోయిందా?

మెట్టసేద్యం:
ఆగలేదు. చక్రాల హబ్బుల్లోకి బురదనీళ్లు దిగి బేరింగులు పోయిన బండ్లనే మెరుగు పెట్టి మా వైపు అమ్ముతున్నారు. కొత్త పెయింటు వేసిన పాత బండి అంటేనే నాకు అనుమానం.

షెడ్డు_మేస్త్రి:
ఇద్దరూ ఆగండి. మీటరు గొడవ కూడా వదిలేయండి, కేబుల్ ఊడదీస్తే గంటలు అక్కడే ఆగిపోతాయి. పెడల్ రబ్బర్లు ఎంత అరిగాయి, ట్రాలీ తగిలించే డ్రాబార్ రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగిందా, వెనక లింకుల బాల్స్ ఎంత ఆడుతున్నాయి, అవి చూడండి.

పొద్దున్నే వెళ్లండి. మీరు చేరేసరికే ఇంజన్ వెచ్చగా ఉంటే చల్లారేదాకా కూర్చోండి. చల్లగా ఉంటే స్టార్ట్ కాని బండినే ముందుగా వేడిచేసి ఉంచుతారు. స్టార్ట్ అయ్యాక ఆయిల్ పోసే మూత తీయండి. పొగ గుప్పుగుప్పుమని తన్నితే రింగులు, లైనర్లు అరిగినట్టు. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ కాలుతోంది. నల్లపొగకు హడలిపోకండి, ముందు ఎయిర్ క్లీనర్, నాజిల్స్ చూపించండి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాల టీ రంగులో ఉందా, అందులో నీళ్లు కలిసినట్టే, ఇంకేం చూడకుండా లేచి వచ్చేయండి.

దమ్ము బండి పరీక్ష వెనక భాగంలో ఉంది. రాత్రంతా కదలకుండా నిలబడిన బండికి గేర్‌బాక్స్ డ్రెయిన్ నట్టు కొంచెం వదులు చేయండి. నీళ్లు ఆయిల్ కంటే బరువు కాబట్టి అడుగున చేరి ముందు అవే వస్తాయి. నాలుగు చుక్కలైతే సీళ్లు మార్చి వాడుకోవచ్చు. గ్లాసుడు వస్తే లోపల తుప్పు మొదలై ఉంటుంది.

లిఫ్ట్ మీద బరువు ఎత్తి ఇంజన్ ఆపండి. పది నిమిషాల్లో కిందికి దిగిపోతే సిలిండర్ సీళ్లో, వాల్వులో పోయాయి. ముందు టైరు జాకీ మీద లేపి ఊపితే కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే ఇరుసు) బుష్షుల సంగతి తెలుస్తుంది.

మాసీలో లిఫ్ట్ పంపు పీటీఓ షాఫ్టు (రోటావేటర్‌ను తిప్పే షాఫ్టు) మీద తిరుగుతుంది. సింగిల్ క్లచ్ అయితే పెడల్ పూర్తిగా తొక్కగానే రోటావేటరూ ఆగుతుంది, లిఫ్టూ ఆగుతుంది. గట్టు దగ్గర తిప్పేటప్పుడు విసుగొస్తుంది. డ్యూయల్ క్లచ్ ఉందేమో అడగండి.

ఆర్సీబుక్కు:
నందిగామ ఏపీ, మధిర తెలంగాణ. అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. తర్వాత పేరు మార్పుకు ఫారం 29, 30. ఆర్‌సీలో ఫైనాన్స్ ఉంటే అది తీసేయించడానికి ఫారం 35. రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల గడువు ఎప్పటితో అయిపోతుందో చూసుకుని ఆ రెన్యూవల్ ఖర్చు బేరంలో తగ్గించండి.

మెట్టసేద్యం:
సరే, బండి మంచిదే అనుకుందాం. మా వైపు రోటావేటర్ కిరాయి గంటకు 1,300. ఎకరానికి రెండు గంటలు వేసుకున్నా రెండున్నర ఎకరాలకు 5 గంటలు, రెండు పంటలకు 10 గంటలు, అంటే 13 వేలు. ఆ దమ్ము కిరాయికి చేయించి, మిగతా పనికి మినీ ఉంచుకోక, 2 లక్షల 60 వేలు పోసి మాసీ ఎందుకు?

దమ్ముచక్రం:
కాగితం మీద ఎన్ని లెక్కలైనా వేస్తారు! కాలువ వదిలాక ఊరంతా ఒకే వారంలో దమ్ము పడుతుంది. డ్రైవరు ముందు పదెకరాల ఆసామి దగ్గరకు పోతాడు. మన రెండున్నర దగ్గరకు వచ్చేసరికి నారు ముదిరి కంకి చిన్నదవుతుంది. ఆ నష్టం మీ 13 వేలల్లో ఎక్కడుంది?

మెట్టసేద్యం:
ఇంతసేపూ హెచ్‌పీ, హెచ్‌పీ అంటూ తిప్పారు. మీ బాధ కిరాయి డ్రైవరు అన్నమాట! ముందే చెప్తే మూడు పోస్టులు మిగిలేవి.

దమ్ముచక్రం:
అవును, అదే. సమయానికి పని కావడం కోసమే బండి కొనేది. ఖాళీ రోజుల్లో పక్కవాళ్ల పొలం తోలితే ఖర్చులూ వస్తాయి.

మెట్టసేద్యం:
ఆయన కిరాయికి తోలతానన్నాడా? కిరాయి అంటే డ్రైవరు జీతం, రిపేర్లు, రాని బాకీలు. ఆయనను అడగండి.

మధిర_రైతుబిడ్డ:
కిరాయికి తోలం. నడిపేది నాన్న ఒక్కరే, వయసు 62. అందుకే క్లచ్ బరువు గురించి అడుగుదామనుకున్నా.

షెడ్డు_మేస్త్రి:
ఇది మొదటి పోస్టులో రాయాల్సింది. నాన్నగారిని వెంట తీసుకెళ్లండి, బండి ఆయనే ఎక్కి దిగాలి, గట్టు దగ్గర పదిసార్లు తిప్పాలి. మోకాలు నొప్పి పెడితే మాసీ ఎంత మంచిదైనా వద్దు. మినీ తీసుకుని దమ్ము ఒక్కటీ ముందుగా అడ్వాన్సు ఇచ్చి మాట్లాడుకోండి.

దమ్ముచక్రం:
అడ్వాన్సు తీసుకుని కూడా రారు. నేను మాసీయే అంటాను. పవర్ స్టీరింగ్ ఉన్న బండి దొరుకుతుందేమో ఇంకో నెల వెతకండి.

మధిర_రైతుబిడ్డ:
ఆదివారం నాన్నతో నందిగామ వెళ్తున్నా. డ్రెయిన్ నట్టుకు ఏ స్పానర్ కావాలి?

షెడ్డు_మేస్త్రి:
రింగ్ స్పానర్ల సెట్టు మొత్తం పట్టుకెళ్లండి, కింద పెట్టడానికి ఒక తట్ట కూడా. ఆయిల్ వాకిట్లో పడితే ఓనరు బేరం ఆపి తిట్టడం మొదలెడతాడు.