77 గ్రెయిన్ బుల్లెట్ అడ్డంగా తగులుతోంది, బ్యారెల్ అయిపోయినట్టేనా?

కోవూరు కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది కోవూరు. పదకొండేళ్లుగా టెక్సస్‌లో ఉంటున్నా, పండక్కని ఇంటికొచ్చి మిద్దె మీద కూర్చుని ఇది రాస్తున్నా. గ్రీన్ కార్డు వచ్చాక అక్కడ ఒక పాత .223 (అది తూటా సైజు) బోల్ట్ రైఫిల్, అంటే ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగి కాల్చేది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. 55 గ్రెయిన్ (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) తూటాలతో 100 గజాల దగ్గర అయిదుకి అయిదూ రూపాయి బిళ్లంత చోట పడేవి. క్లబ్బులో 600 గజాల పోటీకి రమ్మన్నారు. అంత దూరానికి బరువైన బుల్లెట్ కావాలన్నారని 77 గ్రెయిన్ మ్యాచ్ (పోటీ) తూటాలు రెండు పెట్టెలు తెచ్చా.

ముందు 100 గజాల్లో చూద్దామని పది కాలిస్తే కాగితం మీద ఆరే కనిపించాయి. అవీ గుండ్రంగా లేవు. ఒకటైతే బుల్లెట్‌ని పక్కకి పడుకోబెట్టి చుట్టూ గీత గీసినట్టుంది, అచ్చం దోసగింజే. పక్క లేన్ ఆయన చూసి బ్యారెల్ పని అయిపోయిందన్నాడు. కొత్తది వేయించాలంటే ట్విస్ట్ (బుల్లెట్‌ని తిప్పే లోపలి గాడి ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతుందో ఆ లెక్క) 1:8 ఉంది, 1:7 ఉంది. ఎంత ఎక్కువ తిరిగితే అంత మంచిది కదా, 1:7 తీసుకుందామనుకుంటున్నా. మా నాన్న మాత్రం "55 బాగానే పడుతున్నాయిగా, నీకెందుకురా ఈ గోల" అంటున్నాడు. ఏం చేయమంటారు?

ఒంగోలు శీను:

బ్యారెల్ శుభ్రంగా ఉందా తమ్ముడూ? లోపల రాగి పేరుకుపోయినా గురి చెదిరిపోతుంది. ముందు అది కడిగించు.

రొయ్యల గుంట బాబాయ్:

శీనూ, రాగి పేరుకుంటే చిల్లుల గుంపు చెదురుతుంది గానీ దోసగింజ పడదు. అబ్బాయ్, బ్యారెల్‌ని తిట్టుకోకు, దాని తప్పేం లేదు. ఇప్పుడంటే సింగరాయకొండ దగ్గర గుంటలు చూసుకుంటున్నా గానీ, అంతకుముందు పద్నాలుగేళ్లు హ్యూస్టన్‌లో ఉండి ఆదివారాలన్నీ రేంజిలోనే తగలేశా. ఈ దోసగింజ నా కాగితం మీదా పడింది. అక్కడ దీన్ని కీహోల్ అంటారు.

బ్యారెల్ అరిగిపోయుంటే 55 కూడా చెదిరేది. అది చక్కగా పడి 77 దొర్లుతోందంటే నీది 1:12 ట్విస్ట్ అయ్యుండాలి, అంటే లోపలి గాడి 12 అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతుంది. ఒకప్పుడు .223 బోల్ట్ రైఫిళ్లు ఎక్కువగా బొరియలు తవ్వే చిన్న జంతువుల్ని కొట్టడానికి చేసేవాళ్లు. 55, అంతకు తక్కువ బుల్లెట్లకి ఆ చుట్టు చాలు.

అందరూ బరువు, బరువు అంటారు. ట్విస్టుకి కావాల్సింది పొడవు. .223 తూటాల్లో బుల్లెట్ లావు .224 అంగుళాలు, అది మారదు కాబట్టి బరువు పెంచాలంటే పొడవు పెంచాల్సిందే, అందుకే బరువు చూసి చెప్పినా చాలాసార్లు సరిపోతుంది. కానీ సీసం లేకుండా మొత్తం రాగితో చేసిన బుల్లెట్ కొన్నావనుకో, రాగి తేలిక కదా, అదే బరువుకి పొడవు ఎక్కువ వస్తుంది. ఆ సంగతి తెలియక నేను ఒక పెట్టె డబ్బు తగలేశా. మా ఆవిడ ఇప్పటికీ గుర్తు చేస్తుంది.

పొడవుకి ఇంత పట్టింపు ఎందుకంటే, బుల్లెట్ ముక్కు సన్నం, బరువంతా వెనక. గాలి తోపు ఆ బరువు మధ్యకి ముందు పడుతుంది. గొట్టం దాటిన క్షణం నుంచి బుల్లెట్‌ని వెనక్కి తిప్పేయాలని చూస్తుంది. దాన్ని ఆపేది ఆ గిరగిర తిరగడం ఒక్కటే. పొడవు పెరిగితే గాలికి పట్టు దొరుకుతుంది, ఇంకా వేగంగా తిరిగితే తప్ప నిలబడదు.

దీనికి 1879లోనే ఇంగ్లండ్‌లో వూలిచ్ ఫిరంగిదళ కాలేజీలో లెక్కలు చెప్పే గ్రీన్‌హిల్ ఒక సూత్రం కట్టాడు. లావుని లావుతో గుణించి, 150తో గుణించి, పొడవుతో భాగించు. నీ 77 బుల్లెట్ పొడవు అంగుళానికి కాస్త తక్కువ. లెక్క వేస్తే ఏడున్నర అంగుళాలకి ఒక చుట్టు కావాలని వస్తుంది. వేగం సెకనుకి 2,800 అడుగులు దాటితే 150 బదులు 180 వేస్తారు, అప్పుడు 9 వస్తుంది. ఎటు చూసినా 12కి ఆమడ దూరం. 55కి 180తో వేసి చూడు, సరిగ్గా 12 దగ్గర ఆగుతుంది. నీ రైఫిల్ కథంతా ఆ ఒక్క లెక్కలో ఉంది.

ఇప్పుడు అందరూ వాడేది 2005లో డాన్ మిల్లర్ ఇచ్చిన సూత్రం. దాంట్లో వచ్చే అంకె 1 కంటే తక్కువైతే బుల్లెట్ దొర్లుతుంది, 1.5 ఉంటే నిశ్చింత. నీ 77కి నేను వేస్తే 1:12లో 0.78, 1:9లో 1.4, 1:8లో 1.75, 1:7లో 2.3 దాకా వచ్చింది. 1:9లో చిల్లు గుండ్రంగానే పడుతుంది గానీ బుల్లెట్ ముక్కు కాస్త ఊగుతూ పోయి గాలి దెబ్బ ఎక్కువ తింటుంది. 600 గజాల్లో అది తెలుస్తుంది.

దూరం పెరిగితే ట్విస్ట్ పెరగాలనుకుంటారు, అదీ కాదు. ముందుకి పోయే వేగం త్వరగా పడిపోతుంది, తిరిగే వేగం నిదానంగా తగ్గుతుంది. అసలు గండం గొట్టం మూతి దగ్గరే. అందుకే నీకు 100 గజాల్లోనే బయటపడింది. ధ్వని వేగానికి దిగేటప్పుడు వచ్చే ఊగులాట వేరే సంగతి. .308 అనే ఇంకాస్త లావు తూటాలో పేరున్న 168 గ్రెయిన్ మ్యాచ్ బుల్లెట్ 1,000 గజాల దగ్గర అందుకే పరువు తీస్తుంది. దానికి వెనక భాగం కోణం కారణం, ట్విస్ట్ కాదు.

ఇక 1:7. 2,750 అడుగుల వేగంతో 1:8లో బుల్లెట్ నిమిషానికి 2,47,500 చుట్లు తిరుగుతుంది, 1:7లో 2,83,000 దాకా. బుల్లెట్ తయారీలో వెంట్రుకంత తేడా ఉన్నా ఎక్కువ తిప్పిన కొద్దీ అది పెద్దదవుతుంది. పల్చటి రాగి తొడుగున్న వేట బుల్లెట్లు వేగంగా పంపితే గాల్లోనే చిట్లిపోతాయి కూడా. 90 గ్రెయిన్ కాలుస్తానంటే 1:7 తీసుకో. 77, 80 అయితే 1:8 చాలు. ముందు బుల్లెట్ తేల్చుకో, తర్వాతే బ్యారెల్.

కందుకూరు హవల్దార్:

బాబాయ్ గారు చెప్పింది కరెక్టు. ఒక్క మాట కలుపుతా. అమెరికా సైన్యంలో 1:7 ఉందని చాలామంది అదే గొప్పదనుకుంటారు. 1960లలో వాళ్ల ఏఆర్-15 రైఫిల్ ముందు 1:14తో వచ్చింది. చలి ప్రాంతంలో గాలి చిక్కగా ఉండి 55 గ్రెయిన్ నిలబడలేదని 1:12 చేశారు. 1980లలో ఎం16ఏ2 రైఫిల్‌కి 1:7 పెట్టింది 62 గ్రెయిన్ బుల్లెట్ కోసం కాదు, దానితో జతగా వాడే పొడవాటి ట్రేసర్ (దారి కనపడేలా వెలుగుతూ పోయే బుల్లెట్) కోసం. పోటీ కాల్పులకీ దానికీ సంబంధం లేదు. మన నెల్లూరు రోహిణి కార్తె ఎండలో అంచున నిలబడే బుల్లెట్, మంచు పడే ఊళ్లో దొర్లుతుంది. 1.5 అడిగేది అందుకే.

ఇంకోటి, 1:12 అని ఊహించొద్దు బాబూ, కొలిచి చూడు.

కోవూరు కుర్రాడు:

కొలిపించాను సార్! రాత్రి వీడియో కాల్‌లో మా రూమ్మేట్‌తో. ముందు బోల్ట్ తీసేసి, చాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని కెమెరాకి చూపించమన్నా. పిడి దగ్గర తిరిగే క్లీనింగ్ రాడ్‌కి బిగుతుగా గుడ్డ చుట్టి లోపలికి తోశాడు. రాడ్ పైన నిలువుగా ఒక గుర్తు, గొట్టం దగ్గర అడ్డంగా ఒక గుర్తు పెట్టాడు. నిదానంగా లాగి, నిలువు గుర్తు మళ్లీ పైకి వచ్చినచోట ఆపి టేపు పెట్టాడు. మొదటిసారి పదమూడు ముప్పావు వచ్చింది, గుడ్డ వదులై జారింది. బిగించి చేస్తే రెండుసార్లూ 12.

నాన్న కూడా పక్కనే కూర్చుని చూశాడు. ఆయన పాతికేళ్లు ట్రాక్టర్ మెకానిక్. "బోల్టుకి వేరే మర నట్టు ఎక్కిస్తే ఎక్కుద్దా?" అని లేచి వెళ్లిపోయాడు.

1:8 చెప్పేస్తున్నా. మిగిలిన 77లు ఉంచుకోవాలా? 600కి 80 మంచిదంటున్నారు, అది కూడా తేవాలా?

రొయ్యల గుంట బాబాయ్:

ఉంచుకో. ముందు 77తోనే మొదలుపెట్టు, అది మ్యాగజైన్‌లో పడుతుంది. 80ని ఉండాల్సిన పొడవులో బిగిస్తే మ్యాగజైన్‌లో పట్టదు, ఒక్కోటి చేత్తో పెట్టుకోవాలి. 600లో ఒక్కొక్కటే కాల్చేది కాబట్టి ఇబ్బంది లేదు గానీ ఆ తూటాలు చాలామంది సొంతంగా కట్టుకుంటారు. అది ఇంకో ఏడాది పని. ఆ దోసగింజ కాగితం పారేయకు, ఫొటో తీసి ఇక్కడ పెట్టు.