తాతయ్య వడ్రంగం షెడ్డు బాగుచేయిస్తున్నా, ఆ పని బల్ల చిత్రిక పట్టొచ్చా?

కంచరపాలెం కుర్రోడు:
మా పెరట్లో తాతయ్య వడ్రంగం చేసిన షెడ్డు ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకి సిమెంటు రేకులు సగం లేచిపోతే నాన్న టార్పాలిన్ కట్టి వదిలేశారు, అప్పట్నుంచీ అది పాత సామాన్ల గదే. ఇప్పుడు ఆదివారాలు నేనే చెక్క పని చేద్దామని చిన్న టేబుల్ సా (బల్లకి బిగించిన రంపం మిషను) కొన్నాను. రేకులు మార్చాలి, ఉలులు, బాడిశ అన్నీ తుప్పు. అసలు టెన్షన్ మద్ది చెక్క పని బల్లతో. పైనంతా గుంటలు, అంచున మూడు గాట్లు. చిత్రిక పడదామంటే అమ్మ "మావయ్యగారి చెయ్యి పడిన బల్ల, దాని జోలికెళ్లకు" అంటోంది.

గాజువాక వడ్రంగి:
ముందు రేకుల సంగతి చూడండి. పాతవి పగలగొట్టొద్దు, కొయ్యొద్దు, వాటిలో ఉండే ఆస్బెస్టాస్ పొడి ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం. మాస్కు కట్టుకుని, నీళ్లతో తడిపి, బోల్టులు విప్పి విరక్కుండా దింపించండి. కొత్త రేకులకి చూరు వెంబడి హుక్కులు దగ్గర దగ్గరగా వేయించండి, గాలి ముందు లేపేది అక్కడే. మిషనుకి వేరే లైను, ఎర్తింగు తప్పనిసరి.
బల్ల పైభాగం చదునుగా లేకపోతే పని వంకరపోతుంది, పల్చగా చిత్రిక పడితే తప్పేం లేదు, మా నాన్న రెండుమూడేళ్లకోసారి పట్టేవారు. అంచు మాత్రం ముట్టుకోకండి. ఆ గాట్లు కొలత గుర్తులై ఉంటాయి, మాటిమాటికీ టేపు తియ్యకుండా. బల్ల కొన నుంచి కొలిచి చూడండి.

సానరాయి:
తుప్పుకి కిరసనాయిలే మంచిది, ఇప్పుడు దొరకడం కష్టం కాబట్టి డీజిల్లో రాత్రంతా నానబెట్టి స్టీలు పీచుతో రుద్దండి. మన సముద్రపు గాలికి పనయ్యాక ప్రతిసారీ కుట్టుమిషను నూనె రాయాల్సిందే. బాడిశ పిడి పగిలుంటే సెంటిమెంటు పెట్టుకోకుండా మార్చేయండి, ఊడొచ్చి కాలి మీద పడిందంటే ఇంతే సంగతులు. పాత పిడి గోడకి తగిలించుకోండి, ఎవరొద్దన్నారు.

కంచరపాలెం కుర్రోడు:
కొలిచానన్నా. గాట్లు 9, 18, 27న్నర అంగుళాల దగ్గరున్నాయి. అమ్మకి చెప్తే ఏమీ మాట్లాడకుండా వంటింట్లోంచి పీట తెచ్చి అంచుకి ఆనించింది. పొడవు 18, వెడల్పు 9, సరిగ్గా గాటు మీదికే వచ్చింది. పైన చిత్రిక పట్టుకో, అంచు వదిలెయ్ అంది. 27న్నర దేనికో తనకీ తెలీదంట. కిటికీ రెక్కలు కాదు, అవి 21. పొద్దుట్నుంచి టేపు పట్టుకుని ఇంట్లో మంచాలూ తలుపులూ కొలుస్తున్నా.