బెలూనా, కుట్లా? మా తమ్ముడికి ఏది మంచిది?

పటమట అక్క: మా తమ్ముడికి 34 ఏళ్లు, 112 కిలోలు, బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 38, షుగరు. సూర్యారావుపేటలో ఒక డాక్టర్ కడుపులో బెలూన్ పెడతామన్నారు, ఇంకొకరు ఎండోస్కోపీతోనే, అంటే నోట్లోంచి గొట్టం పంపి, లోపల కుట్లు వేసి పొట్ట చిన్నది చేస్తామన్నారు. సర్జరీ అంటే వాడికి భయం. చేయించుకున్నవాళ్లు చెప్పండి.

యార్డు గుమస్తా, గుంటూరు: బెలూన్ జోలికి పోవద్దండి. మూడు రోజులు వాంతులు, మంచం పక్కనే బకెట్. ఆరు నెలల్లో 13 కిలోలు తగ్గాను. తీయించుకున్న ఏడాదికి 11 వెనక్కి వచ్చాయి.

బ్రాడీపేట కుర్రాడు: తీశాక ఏం తిన్నారో ముందు అది చెప్పండి.

కృష్ణలంక మాస్టారు: రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు. సెలైన్ (ఉప్పునీళ్లు) నింపే బెలూన్‌ని ఆరు నెలలకి తీసేస్తారు. కుట్లు లోపలే ఉంటాయి, పైన కోత ఉండదు. 2022లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన మెరిట్ ట్రయల్ అనే పరిశోధనలో కుట్లు వేయించుకున్నవాళ్లు ఏడాది తిరిగేసరికి సగటున 13.6 శాతం బరువు తగ్గారు. అలవాట్లు మాత్రమే మార్చుకున్నవాళ్లు 0.8 శాతం. తీవ్రమైన ఇబ్బంది 2 శాతం మందికి వచ్చింది.

యార్డు గుమస్తా: కుట్లు వేస్తే సర్జరీ కాదా? మత్తు ఇవ్వరా?

కృష్ణలంక మాస్టారు: ఇస్తారు. కోత లేదన్నాను, మత్తు లేదనలేదు.

యార్డు గుమస్తా: కుట్టు కుట్టేనండీ.

బ్రాడీపేట కుర్రాడు: నోరు కట్టుకోలేనివాళ్లకి ఏదైనా ఒకటే. మా నాన్న రోజూ నడిచి 20 కిలోలు తగ్గారు, రూపాయి ఖర్చు లేకుండా.

యార్డు గుమస్తా: బాబూ, మిర్చి సీజన్‌లో యార్డులో ఒక్కరోజు పని చేశావా? కాటాలు అయ్యేసరికి రాత్రి పదకొండు. బెలూన్ ఉన్నన్నాళ్లు నాలుగు ముద్దలకే కడుపు నిండేది. తీసిన వారానికే ఆకలి ముందుకంటే ఎక్కువైంది. భయపడి ఫోన్ చేస్తే "మీ ప్యాకేజీ అయిపోయిందండీ" అన్నారు. నా కోపం బెలూన్ మీద కాదు, ఆ మాట మీద.

కృష్ణలంక మాస్టారు: ఊబకాయం కూడా బీపీలాంటి జబ్బేనండీ. మాత్ర ఆపితే బీపీ పెరుగుతుంది, మాత్రను తిట్టం కదా. కుట్లు వేయించుకున్నా డాక్టర్ని, డైటీషియన్ని వదలకూడదు.

యార్డు గుమస్తా: జీవితాంతం తిరగాలని ముందే చెబితే నేను చేయించుకునేవాణ్నే కాదు.

కృష్ణలంక మాస్టారు: చెప్పకపోవడం వాళ్ల తప్పే. అక్కా, షుగరు ఉంది కాబట్టి స్లీవ్ సర్జరీ (పొట్టలో చాలా భాగం కోసి తీసేసే ఆపరేషన్) గురించి కూడా అడగండి. భయమున్నా సరే. దాంతో బరువు ఇంకా ఎక్కువ తగ్గుతుంది.

పటమట అక్క: శనివారం వెళ్తున్నాం. రెండో ఏడు ఎవరు చూస్తారో కాగితం మీద రాసిమ్మంటాను. గుమస్తా గారూ, మీ ఆకలి సంగతి తమ్ముడికి చదివి వినిపించాను. "ఆయన చెప్పేది నా ఆకలే అక్కా" అన్నాడు.